అతని పేపర్లో నా జవాబులు

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక మా చర్చి పాస్టరుగారు మైకు ముందు ఒక ప్రకటన చేశారు. చూపు లేని ఒకతను డిగ్రీ చివరి పరీక్షలు రాస్తున్నాడు. అతను నోటితో చెబుతుంటే కాగితం మీద పెట్టే మనిషి కావాలి. ఇంతకుముందు రాసిపెట్టినతను ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్లిపోయాడట, ఇంకా రెండు పేపర్లు మిగిలి ఉన్నాయట. "ఇంటర్ చదివే పిల్లలెవరన్న ఉంటే ముందుకు రాండ్రి," అన్నారాయన. మా చెల్లెలు నా పక్కనే కూర్చుని ఉంది. నేను ఆమె మొహం వైపు చూసేలోపే లేచి నిలబడింది.

అప్పట్లో మేం నాంపల్లి స్టేషన్ వెనక ఒక పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అమ్మ దవాఖానలో నర్సు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. చెల్లెలు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నేను ఎం.ఏ. మొదటి సంవత్సరం, చరిత్ర.

ఇలా రాసిపెట్టేవాళ్లకు నియమాలున్నాయి. పరీక్ష రాసే మనిషి కన్నా తక్కువ చదువులో ఉండాలి. ఆ సబ్జెక్టు చదివినవాళ్లు కాకూడదు. చెల్లెలు అన్ని విధాలా సరిపోయింది. సోమవారం ఆమె ఫోటో అంటించిన ఫారం మీద కాలేజీ ముద్ర వేయించుకుని, అబిడ్స్‌లో పరీక్షా కేంద్రంగా ఉన్న కాలేజీకి వెళ్లి ఇచ్చి వచ్చింది. అతన్ని కూడా అక్కడే కలిసింది. "మంచోడక్కా. మహబూబ్‌నగర్ సైడు. మాటలు మెల్లగ మాట్లాడ్తడు," అంది.

గురువారం మొదటి పేపరు. బుధవారం సాయంత్రానికి చెల్లెలికి ఒళ్లు కాలిపోయింది. వీపు మీద, మెడ మీద నీటి పొక్కులు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చూడగానే ఆటలమ్మ అని తేల్చేసింది. లోపలి గదిలో దానికి విడిగా పక్క వేసి, నాతో అంది: "ఆ పిల్లగానికి ఫోన్ చెయ్యి. ఇంకోల్లను చూస్కొమ్మను, పాపం."

"సరే," అన్నాను. ఫోన్ చేయలేదు.

ఒక్క రాత్రిలో అతనికి ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతుంది, దొరకకపోతే పరీక్ష పోతుంది కదా అనుకున్నాను. అది నిజమే. కానీ అందులో ఇంకొకటి కూడా ఉంది. గురువారం పేపరు ఆధునిక భారతదేశ చరిత్ర. అది నా సబ్జెక్టు. అందులో నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చేవి, ఆ సంగతి నాకు బాగా గుర్తుండేది కూడా.

మర్నాడు అమ్మ పొద్దుటి డ్యూటీకి వెళ్లగానే చెల్లెలి సంచిలోంచి ఐడీ కార్డు తీశాను. అది మందుల మత్తులో పడుకుని ఉంది. మా ఇద్దరివీ దాదాపు ఒకే పోలికలు. ఆ ఏడాది ఇంకా జనం మాస్కులు పూర్తిగా వదల్లేదు, కాబట్టి సగం మొహం ఎలాగూ కనబడదు. ఒకటే తేడా. చెల్లెలికి గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ ఉంది, ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. అద్దం ముందు నిలబడి కాటుక పెన్సిల్‌తో నేనూ ఒకటి పెట్టుకున్నాను.  

కాలేజీ అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ వైపు వెళ్లే దారిలో ఉంది. గేటు పక్కన గోడకు ఆనుకుని అతను నిలబడి ఉన్నాడు. తెల్ల కర్ర, ఇస్త్రీ చేసిన గళ్ల చొక్కా, జేబులో హాల్ టికెట్. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దవాడిలా కనిపించాడు. దగ్గరికి వెళ్లి "అన్నా, వచ్చిన," అన్నాను.

అతను తల నా వైపు తిప్పాడు. "నువ్వు ఎవరు? మొన్న వచ్చిన చెల్లెవు కాదు."

చుట్టూ పిల్లలు. అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకువెళ్లి ఉన్న సంగతి చెప్పాను. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని, నేను అక్కనని, దాని కార్డుతో వచ్చానని, ఎం.ఏ. చదువుతున్నానని. సబ్జెక్టు ఏమిటో మాత్రం చెప్పలేదు.

అతను కర్రతో నేల మీద చిన్నగా కొడుతూ ఉండిపోయాడు. "దొరికితే ఇద్దరం మునుగుతం," అన్నాడు చివరికి. "రాయకపోతే నాకు ఇంకో ఏడాది పోతది. హాస్టల్ గూడ ఖాళీ చెయ్యమంటరు."

"దొరకమన్నా. ఫికర్ చెయ్యకు."

"ఒక్క మాట ఇయ్యి మరి. నేను ఏం చెప్తే గదే రాయాలె. ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"మాటిస్తున్నా," అన్నాను.

మమ్మల్ని మిగతావాళ్లతో కాకుండా జువాలజీ ల్యాబ్‌లో విడిగా కూర్చోబెట్టారు. పొడవాటి రాతి బల్ల, దాని వెనక అద్దాల బీరువాల నిండా సీసాలు. ఫార్మలిన్ వాసన మాస్కులోంచి కూడా వస్తోంది. కాపలాకు ఒక పెద్ద వయసు మేడమ్ ఉన్నారు. ఆమె ఫారం, కార్డు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"మాస్కు తియ్యమ్మా."

తీశాను. నడిచి వచ్చిన చెమటకు మాస్కు లోపలి వైపు నల్లగా అయి ఉంది. అది చూశాక గాని నాకు గడ్డం మీద ఏం జరిగిందో అర్థం కాలేదు. 

"గడ్డానికేదో అంటుకున్నది. తుడుచుకో," అన్నారు మేడమ్.

చున్నీతో తుడుచుకున్నాను. చెల్లెలి పుట్టుమచ్చ నా చున్నీ కొసకు వచ్చేసింది. మళ్లీ తలెత్తేసరికి ఆమె ఫోటో వైపు చూడటం లేదు, ఫారం మీద సంతకం పెడుతున్నారు. నేను మాస్కు పైకి లాక్కున్నాను. కూర్చుని పెన్ను మూత తీసి, ఆమె ఇచ్చిన హాజరు షీటులో చెల్లెలి సంతకం పెట్టాను.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక్కో వాక్యాన్నీ మనసులో ముందు కట్టుకుని, తర్వాత బయటికి అనేవాడు. మొదటి జవాబు అతను చెప్పింది చెప్పినట్టే రాశాను. రెండో ప్రశ్నలో రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన తెచ్చిన చట్టం గురించి చెబుతూ "పంతొమ్మిది వందల తొమ్మిది" అన్నాడు. అది తప్పు. పంతొమ్మిది వందల పంతొమ్మిది అనాలి. నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత పంతొమ్మిదే వేసింది. ఒక్క అంకె. తెలిసి తెలిసి తప్పు ఎలా రాస్తాను అనుకున్నాను.

ఆ ఒక్క అంకెతో ఆగి ఉంటే ఇదంతా చెప్పే పని ఉండేది కాదు. బెంగాల్ విభజన గురించి అతను ఐదు వాక్యాలు చెప్పి ఆగాడు. ఆ జవాబుకు ఐదు వాక్యాలు చాలవని నాకు తెలుసు. స్వదేశీ ఉద్యమం కలిపాను. జాతీయ పాఠశాలలు కలిపాను. ఉపశీర్షికలు పెట్టి కింద గీతలు గీశాను. పక్క పేజీకి వెళ్లాను. నాకు ఏదో ఉత్సాహంగా ఉంది, పరుగు పందెంలో ఉన్నట్టు.

"చెల్లె, ఇంకా రాస్తున్నవా?" అన్నాడతను గొంతు తగ్గించి. "నేను ఆపి శానా సేపైంది. పెన్ను చప్పుడు అయితనే ఉన్నది."

"అక్షరాలు పెద్దగ రాస్తున్నన్నా. పేపర్ దిద్దేటోల్లకు కనపడాలె గదా."

అతను తల ఊపాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. ఆ రోజు ఇరవై రెండు పేజీలు నింపాను. అందులో అతని మాటలు ఆరేడు పేజీలకు మించవు.

బయటికి వచ్చాక అతను "మంచిగ అయినట్టే ఉన్నది. థాంక్స్ చెల్లె," అని చెయ్యి చాపాడు. నేను చెయ్యి కలిపాను. సాయంత్రం చెల్లెలికి మాత్రం కార్డు తీసుకున్న సంగతి చెప్పాను. అది పొక్కుల మొహంతోనే నవ్వి, "నయం, ఆయన పరీక్ష పోలేదు," అంది. అమ్మకు మేమిద్దరం చెప్పలేదు.

శనివారం రెండో పేపరు, రాజనీతి శాస్త్రం. గంట గడిచిందో లేదో వరండాలో చాలా బూట్ల చప్పుడు వినిపించింది. మేడమ్ గబుక్కున లేచి నిలబడ్డారు. స్క్వాడ్. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆవిడ. ఆవిడ బల్ల కింద చూసింది, నా పౌచ్ తెరిపించింది. ఒకాయన ఫారం చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం చదువుతున్నవ్?"

"ఇంటర్ సెకండియర్ సార్. బైపీసీ."

"బైపీసీనా?" ఆయన చుట్టూ చూసి, నా వెనక బీరువాలో ఒక సీసా వైపు వేలు చూపించాడు. చీటీ గోడ వైపు తిరిగి ఉంది. "గా సీసల ఉన్నదేందో చెప్పు జర. నేను జువాలజీ లెక్చరర్నే."

తెల్లగా, పొడవుగా, రిబ్బను చుట్టినట్టు ఏదో ఉంది అందులో. నేను పదో తరగతి తర్వాత సైన్సు పుస్తకం ముట్టలేదు.  చెల్లెలి కాలేజీ పేరు, దాని హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ బట్టీ పట్టి వచ్చాను గానీ ఇది నేను అనుకోలేదు.  నా బదులు పోలీస్ స్టేషన్‌లో అమ్మ నర్సు యూనిఫామ్‌తో నిలబడి ఉన్నట్టు ఒక బొమ్మ కళ్ల ముందుకు వచ్చింది.

"సార్," అన్నాడతను. గొంతు పెద్దది చేశాడు, అతను అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నా టైం పోతున్నది సార్. పరీక్ష నాది, ఆమెది గాదు. ఏమన్న అడిగేది ఉంటే పేపర్ అయినంక అడగండ్రి."

స్క్వాడ్ సార్ కొంచెం తగ్గాడు. "సరే సరే, రాసుకో," అని ఫారం బల్ల మీద పెట్టాడు. పేపర్ అయ్యాక ఆయన మళ్లీ రాలేదు. వేరే కేంద్రానికి వెళ్లిపోయి ఉంటారు.

ఆ తర్వాత ఆ పేపర్లో నేను ఒక్క మాట కూడా సొంతంగా రాయలేదు. అతను చెప్పిందే రాశాను.  బయటికి వచ్చాక గేటు దగ్గర నేను ఏడుస్తుంటే అతనికి వినబడింది. "అయిపోయింది గదా. నీళ్లు తాగు," అని తన సీసా ఇచ్చాడు. ఇంటికి వెళ్లి చెల్లెల్ని అడిగితే "తెల్లగ రిబ్బన్ లెక్కనా? బద్దెపురుగు గదక్కా," అంది అర నిమిషంలో.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. అతనే ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం లేదు. "చెల్లె, హిస్టరీల ఎనభైకి అరవై నాలుగు వచ్చినయి. పొలిటికల్ సైన్స్‌ల ముప్పై ఆరు. నేను మంచిగ చదువుకున్నది పొలిటికల్ సైన్స్. ఏదో తేడా ఉన్నది. రెండు పేపర్ల జిరాక్స్ కాపీలకు యూనివర్సిటీల అప్లై చేసిన. అవి వచ్చినంక నువ్వే చదివి పెట్టాలె. నీ రాత నీకైతేనే మంచిగ అర్థమైతది."

కుదరదని చెప్పవచ్చు. కానీ నేను కాకపోతే ఇంకెవరో చదువుతారు, ఉన్నది ఉన్నట్టు చదువుతారు. అందుకే ఒప్పుకున్నాను. కాపీలు వచ్చేదాకా ప్రతి రోజూ పొద్దున లేవగానే అదే గుర్తొచ్చేది.

పబ్లిక్ గార్డెన్స్‌లో కలిశాం. మధ్యాహ్నం మూడు గంటలు. నేను వెళ్లేసరికే అతను ఒక సిమెంటు బెంచీ మీద ఒళ్లో కవరు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముందు రాజనీతి శాస్త్రం చదవమన్నాడు. చదివాను. మధ్యమధ్య "గిది ఇంకొంచెం చెప్పాల్సింది," అని తనలో తాను అనుకున్నాడు. అది అయ్యాక హిస్టరీ కాగితాలు ఇచ్చాడు.

నేను అంతకు ముందే నిర్ణయించుకున్నాను. అతను చెప్పిన వాక్యాలు నాకు గుర్తున్నాయి. అవి మాత్రం ఏరి చదివాను. పంతొమ్మిది దగ్గర తొమ్మిది అన్నాను. నేను కలిపిన పేరాలన్నీ దాటేసి, కాగితాలు తిప్పుకుంటూ వెళ్లాను. బెంగాల్ విభజన ఐదు వాక్యాల్లో అయిపోయింది. చివరి కాగితం తిప్పి, "గంతే అన్నా," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉందని అనుకున్నాను.

"ఇటియ్యి," అన్నాడు.

కాగితాలు ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్కటీ తప్పిస్తూ లెక్కపెట్టాడు. "ఇరవై రెండు. పొలిటికల్ సైన్స్ ఎన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిది కాయితాలు చదవనీకె ఇరవై నిమిషాలు పట్టింది నీకు. ఇరవై రెండు కాయితాలు పది నిమిషాల్ల ఎట్ల అయిపోయినయ్?"

"అక్షరాలు పెద్దగ..."

"రెండూ నీ చేతిరాతే గదా చెల్లె."

  ఎదురుగా ఎవరో పిల్లలకు గాలిపటం దారం చిక్కు తీస్తున్నారు. లేచి పరిగెత్తితే అతను నన్ను పట్టుకోలేడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను.

"మొదటి నుంచి చదువు," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు."

ఇరవై రెండు పేజీలూ చదివాను. నలభై నిమిషాలు పట్టి ఉంటుంది. అతను కొన్నిచోట్ల "గిది నాది" అన్నాడు. ఎక్కువ చోట్ల "గిది నాది గాదు" అన్నాడు. తర్వాత తర్వాత ఏమీ అనడం మానేశాడు. గొంతు బొంగురుపోయి నేను మధ్యలో ఆగితే, ఆగినంతసేపూ ఎదురుచూశాడు గాని చాలని అనలేదు.

అయిపోయాక, "నువ్వు ఎం.ఏ. ఏంట్ల చేస్తున్నవ్?" అని అడిగాడు.

"హిస్టరీ."

"నాకు చెప్పలే."

"నీకు మంచి జరగాలనే అన్నా..."

"నేను అడిగిన్నా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మూడేండ్లు మందితోని చదివిచ్చుకొని, ఫోన్ల రికార్డు చేసుకొని ఇన్న. నలభై వస్తే నలభై. అది నాది. నువ్వు నన్ను ఒక్క మాట అడగకుండ దొంగను చేసినవ్. నీకోసం నేను స్క్వాడోల్లతోని కొట్లాడిన."

 క్షమించమని అన్నాను. అతను విన్నట్టు కనబడలేదు.

"గిది నేను పోయి చెప్పాలె," అన్నాడు లేస్తూ. "ఎట్ల చెప్పాలె, ఎవరికి చెప్పాలె, తెల్వది. రెండు రోజులు ఆలోచిస్త. ఫోన్ చేస్త."

కర్ర తాటించుకుంటూ గేటు వైపు వెళ్లిపోయాడు. తోడు వస్తానని అనే ధైర్యం నాకు లేకపోయింది.

రెండు రోజులు గడిచాయి. ఫోన్ రాలేదు. నేను చేయలేదు. వారం గడిచింది. ల్యాండ్‌లైన్ నంబరు నుంచి ఏ ఫోన్ వచ్చినా యూనివర్సిటీ నుంచే అనుకునేదాన్ని. ఒకసారి బ్యాంకు వాళ్లు, ఒకసారి గ్యాస్ ఏజెన్సీ. మా డిపార్ట్‌మెంట్ అటెండర్ క్లాసులోకి చీటీ పట్టుకుని వస్తే, ఆయన లెక్చరర్ చెవిలో ఏదో చెబుతున్నంతసేపూ నా పేరే పిలుస్తారని పుస్తకాలు సర్దుకుని కూర్చున్నాను. ఎవరో తమ స్కూటర్‌ను దారికి అడ్డంగా పెట్టారట, అంతే.

అన్నిటికన్నా భయం చెల్లెల్ని చూస్తే వేసేది. అప్పుడది మెడికల్ ఎంట్రన్స్‌కు చదువుతోంది. ఒక సాయంత్రం అప్లికేషన్ ముందు పెట్టుకుని, "అక్కా, ఆ రోజు ఫారానికి పెట్టిన ఫోటోలల్ల ఇంకా మిగిలినయా?" అంది. వెతికి ఇచ్చాను. అవే ఫోటోలు. దాని మొహం, గడ్డం మీద ఆ మచ్చ. పరీక్ష రాసింది నేను. కాగితం మీద ఉన్నది అది. పట్టుబడితే ముందు పిలిచేది దాన్నే. దాని పరీక్షలు రద్దు చేస్తారు, కేసు దాని పేరు మీద రాస్తారు. ఆ సంగతి నాకు ఆ బుధవారం సాయంత్రం ఎందుకు తట్టలేదో తెలియదు. తట్టినా వెళ్లేదాన్నేమో, అదీ తెలియదు.

అన్నం సరిగా తినలేకపోయాను. అమ్మ చూసి, "ఏందే, రోజురోజుకు గిట్ల అయితున్నవ్? రక్తం పరీక్ష చేపిస్త పా," అంది. అమ్మకు చెప్పేద్దామని ఆ పూట నోటిదాకా వచ్చింది. అంతలో ఆమె బూట్లు వేసుకుని డ్యూటీకి బయల్దేరింది. చెప్పలేకపోయినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి కూడా ఎంతో సేపు నిలవలేదు.

పంతొమ్మిదో రోజు అతను ఫోన్ చేశాడు. నేను అబిడ్స్‌లో సిగ్నల్ దగ్గర రోడ్డు దాటబోతున్నాను. పేరు చూసి మళ్లీ వెనక్కి వచ్చి, ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయాను.

"మా కాలేజీ సార్‌ను అడిగిన," అన్నాడు. "ఎవరి పేరూ చెప్పలే. వేరేటోల్ల ముచ్చట లెక్క అడిగిన. చెప్తే ముగ్గురి చదువు పోతదన్నడు. నాది, నీది, ఫారం మీద ఉన్న పిల్లది."

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నాది పోతే పోనీ అనుకున్న. నీది గూడ పోతే తప్పు లేదనుకున్న. గా పిల్ల మాత్రం జరంల పండుకొని ఉన్నది. గామె చేసిందేముంది? గందుకే పోతలేను. నీ కోసం గాదు, సమజ్ చేస్కో."

"ఔనన్నా."

"హిస్టరీల పీజీ చేద్దామనుకున్న. గిప్పుడు చెయ్య. గా మార్కులు చూపెట్టి నేను ఎక్కడ కూసోలేను. పొలిటికల్ సైన్స్‌కు పెట్టుకుంట." తర్వాత ఒక్క మాట అన్నాడు. "నువ్వు ఇంకెవ్వరికీ రాయకు." ఫోన్ పెట్టేశాడు.

బట్టల దుకాణం ఆయన వచ్చి, మెట్ల మీద నుంచి లేవమన్నాడు. లేచాను. బయటపడ్డాం అని నాకు నేను చెప్పుకున్నాను. కాని భయం వెళ్లలేదు. అతను చెప్పకూడదని అనుకున్నాడు, అంతే. రేపు వేరేగా అనుకోవచ్చు. ఆ ఇరవై రెండు కాగితాలు అతని దగ్గరే ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాది అతను ఎం.ఏ.లో చేరాడని చర్చిలో తెలిసింది. మొదటి సెమిస్టర్ పరీక్షలకు ముందు అతను పాస్టరుగారి దగ్గరికి వచ్చి మా చెల్లెలి పేరు చెప్పి అడిగాడట. మెడికల్ సీటు రాక చెల్లెలు కోఠిలో బీఎస్సీలో చేరింది. అతను తననే అడిగాడని విని ఎంతో సంబరపడింది. "పోయినసారి పోలేకపోతి. ఈసారి నేనే పోత," అంది. వద్దనడానికి నా దగ్గర చెప్పదగ్గ కారణం లేదు.

మొదటి పేపరు రాసి వచ్చిన సాయంత్రం అది అలిసిపోయి కుర్చీలో కూలబడింది.

"శానా కష్టమక్కా ఆయనతోని. ఒక్కో జవాబు రాసినంక మొత్తం మల్ల చదవమంటడు. ఎన్ని లైన్లు రాసిన అని అడుగుతడు. పేజీ తిప్పితే ఎందుకు తిప్పినవ్ అంటడు. టైం మొత్తం గట్లనే పాయె. ఆఖరి ప్రశ్న రాయనే లేదు." చేతి వేళ్లు విరుచుకుంటూ నా వైపు చూసింది. "మనిషి మంచోడే. మనుషుల మీద అంత అనుమానం ఎందుకో ఆయనకు?"

నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపల కుక్కర్ కూత వేస్తోంది. దాన్ని కట్టేసి వచ్చి, చెల్లెలి ఎదురుగా కూర్చుని, మొత్తం చెప్పాను. అంకె మార్చడం దగ్గర నుంచి, పబ్లిక్ గార్డెన్స్, బట్టల దుకాణం మెట్లు, అన్నీ.

అది మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ఆ ఫారం మీద ఉన్నది నా ఫోటోనే గదా?" అంది.

"నీదే."

"సంతకం?"

"హాజరు షీట్ల నీ సంతకం నేను పెట్టిన."

లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మిగతా మూడు పేపర్లకూ వెళ్లింది, అతను చదవమన్న ప్రతిసారీ చదివిందట. ఆఖరి రోజు మాత్రం నాతో ఒక మాట అంది: "నాకు తెల్సని ఆయనకు చెప్పిన. ఆయన, నువ్వు మంచిగ చదువుకో అన్నడు. గంతే."

ఇప్పుడు నేను ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. చెల్లెలు ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. పోయిన నెల దాని కంపెనీ వాళ్లు పాత సర్టిఫికెట్లు అన్నీ తనిఖీ చేస్తామన్నారట. అందరికీ పంపే మామూలు మెయిలే. ఆ వారం రోజులూ మేమిద్దరం ఆ మాట ఎత్తకుండానే, దాని ఫోన్ మోగినప్పుడల్లా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ మా ఇద్దరినీ చూసి, ఏమైందే మీకు అంది. ఏం లేదమ్మా అన్నాం, ఇద్దరం ఒక్కసారే.